చైన్‌సా ప్లాస్టిక్ భాగాలకు ఇంట్లోనే అద్దకం: పట్టుకు వేసే రంగుతో నైలాన్ కవర్లకు కొత్త నలుపు

హైదరాబాద్ ఎండకు నాలుగైదేళ్లు వాడిన చైన్‌సా కవర్లు వెలిసిపోతాయి. నారింజ రంగు పాలిపోతుంది, బూడిదరంగు హ్యాండిల్ మీద తెల్లటి పొడి తేలుతుంది, వేలితో రుద్దితే సున్నంలా అంటుతుంది. చాలామంది వెంటనే స్ప్రే పెయింట్ డబ్బా కొంటారు. పెయింట్ ఆ ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టుకోదు. ట్యాంకు నింపేటప్పుడు నాలుగు చుక్కల పెట్రోల్ ఒలికితే అక్కడ మెత్తబడి పొక్కుతుంది, చేయి తగిలే హ్యాండిల్ దగ్గర నెలలోపే పెచ్చులు లేస్తుంది. ఈ పనికి సరైనది అద్దకం. పెయింట్ పైన పొరలా కూర్చుంటే, అద్దకం రంగు ప్లాస్టిక్ పై పొరలోకి ఇంకుతుంది. ఊడిపోవడానికి అక్కడ పొరే ఉండదు.

ఇది ఎందుకు సాధ్యమో ముందు తెలుసుకోవాలి, పనిలో తీసుకునే ప్రతి నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంటుంది. చైన్‌సా కవర్లు, స్టార్టర్ హౌసింగ్, హ్యాండిల్ ఎక్కువగా నైలాన్‌తో చేస్తారు. చాలావాటిలో బలం కోసం గాజు నారను కలుపుతారు. నైలాన్ అణువుల గొలుసును కలిపే బంధమూ పట్టు దారంలోని మాంసకృత్తుల గొలుసును కలిపే బంధమూ ఒకే రకం, దాన్ని అమైడ్ బంధం అంటారు. గొలుసు చివర ఉండే అమైన్ గుంపులు పులుపు నీళ్లలో ధనావేశం తెచ్చుకుంటాయి. యాసిడ్ డై అనే రంగుల అణువులకు ఋణావేశం ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పోచంపల్లిలో పట్టు నూలుకు వేసే రంగే మీ చైన్‌సా కవర్‌కూ పడుతుందంటే కారణం ఇదే.

ఏ ప్లాస్టిక్కో తేల్చుకోవడం

కవర్ విప్పి లోపలి వైపు చూడండి. అచ్చులో పోసిన చిన్న ఇంగ్లిష్ అక్షరాలు రెండు బాణపు గుర్తుల మధ్య ఉంటాయి. పీఏ6, పీఏ66 అని ఉంటే నైలాన్. దాని పక్కన జీఎఫ్30 అని ఉంటే అందులో 30 శాతం గాజు నార అని అర్థం. పీపీ అంటే పాలీప్రొపిలీన్, పీఈ అంటే పాలీథిన్. ఈ రెండింటికీ ఇంట్లో చేసే ఏ అద్దకమూ పట్టదు, వాటి మీద శ్రమ పెట్టొద్దు. ఏబీఎస్ అయితే యాసిడ్ డై పనిచేయదు. దానికి పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ డై కావాలి, వేడి కూడా 70 డిగ్రీలు దాటకూడదు, లేకపోతే వంకరపోతుంది. ఈ వ్యాసం నైలాన్ గురించే.

రాణీగంజ్ దుకాణాల్లో దొరికే 52 సీసీ, 58 సీసీ మిషన్లలో ఈ గుర్తులు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. లేకపోతే రెండు పరీక్షలు చాలు. మొదటిది, ముక్కను బకెట్ నీళ్లలో వేయండి. పీపీ, పీఈ తేలుతాయి, నైలాన్ మునుగుతుంది. మునిగినంత మాత్రాన నైలాన్ అని కాదు, ఏబీఎస్ కూడా మునుగుతుంది. అందుకే రెండోది. కవర్ లోపలి అంచు నుంచి బ్లేడుతో గోరు చివరంత పొట్టు గీకి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట, పెట్రోల్‌కు దూరంగా, లైటర్ మంట అంచున పెట్టండి. పట్టుచీర అసలుదో కాదో తెలుసుకోవడానికి కొంగు దారం కాల్చి చూడటం మన ఇళ్లలో తెలిసిన పద్ధతే. అసలు పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. నైలాన్ కాలినా దాదాపు అదే వాసన. తేడా ఒక్కటే, పట్టు బూడిదై వేళ్ల మధ్య నలిగిపోతుంది, నైలాన్ కరిగి తీగలా సాగి గట్టి పూస కడుతుంది. కొవ్వొత్తి ఆర్పిన వాసన వస్తే పీపీ లేదా పీఈ. దట్టమైన నల్లటి మసి పొగ వస్తే ఏబీఎస్.

ఏ ముక్కలకు వేయాలి, వేటిని వదిలేయాలి

వేయదగినవి టాప్ కవర్, ఎయిర్ ఫిల్టర్ కవర్, స్టార్టర్ కవర్, నైలాన్ హ్యాండ్ గార్డ్, విడిగా ఊడివచ్చే వెనక హ్యాండిల్ తొడుగు, ట్రిగ్గర్, ట్రిగ్గర్ లాక్, చోక్ నాబ్.

పెట్రోల్ ట్యాంక్ కలిసి ఉన్న ముక్కను వేడినీళ్ల దగ్గరకు తేవొద్దు. చాలా మిషన్లలో వెనక హ్యాండిల్, ట్యాంక్ ఒకే అచ్చులో ఉంటాయి. ఎంత కడిగినా ట్యాంక్ గోడల్లో పెట్రోల్ ఇంకి ఉంటుంది, వేడి తగలగానే ఆవిరి బయటికి వస్తుంది. పైగా ట్యాంక్ నల్లబడితే లోపల ఎంత పెట్రోల్ ఉందో బయటి నుంచి కనబడదు. ట్యాంక్ మూతలను కూడా వదిలేయండి, వాటి రబ్బరు రింగు ఉబ్బితే లీకు మొదలవుతుంది.

క్లచ్ కవర్ విషయంలో జాగ్రత్త. హస్క్‌వర్నా మిషన్లలోనూ, వాటి నమూనాలో తయారైన చైనా మిషన్లలోనూ చైన్ బ్రేక్ బ్యాండు, దాని బలమైన స్ప్రింగు ఈ కవర్‌లోనే ఉంటాయి. స్టిల్ కంపెనీ మిషన్లలో బ్రేకు ఇంజిన్ వైపు ఉంటుంది, కవర్ ఖాళీ. స్ప్రింగు ఉన్న కవర్‌ను ఉన్నపళంగా నీళ్లలో ముంచితే తుప్పు పడుతుంది. విప్పడం తెలియకపోతే ఆ ముక్కను పాత రంగులోనే ఉండనివ్వండి.

మెత్తటి రబ్బరు గ్రిప్ అతికించిన హ్యాండిల్‌కు రంగు సమంగా పట్టదు. రబ్బరు ఒక రంగు, నైలాన్ ఒక రంగు అవుతుంది. కొందరికి అది అందంగానే కనిపిస్తుంది, కానీ ముందే తెలిసి చేయాలి.

హ్యాండ్ గార్డ్‌కు సన్నటి చీలిక ఉన్నా దానికి రంగు వేయొద్దు, కొత్తది కొనండి. కిక్‌బ్యాక్ వచ్చినప్పుడు, అంటే మిషన్ ఒక్కసారిగా మీ వైపు ఎగిరినప్పుడు, చేతికీ చైనుకీ మధ్య ఉండేది అదే. నల్ల రంగులో చీలిక కనబడకుండా పోతుంది, ప్రమాదమంతా అక్కడే.

ఏ రంగు మీద ఏ రంగు

అద్దకం పారదర్శకం. పాత రంగు కింద ఉండనే ఉంటుంది, కొత్తది దానితో కలుస్తుంది. కాబట్టి లేత నుంచి ముదురుకే వెళ్లగలరు, ముదురు నుంచి లేతకు రాలేరు. తెలుపు, లేత బూడిద మీద ఏ రంగైనా వస్తుంది. పసుపు మీద ఆకుపచ్చ, నారింజ, ఎరుపు వస్తాయి. నారింజ మీద ఎరుపు వేస్తే ఇటుక రంగు, నీలం వేస్తే బురద గోధుమ. నారింజను మార్చాలంటే నిజానికి నలుపు ఒక్కటే నిలకడైన దారి. అది కూడా మొదటి 15 నిమిషాల్లో చాక్లెట్ రంగులా కనిపించి కంగారు పెడుతుంది. ఆగండి, నల్లబడుతుంది.

రంగులో ఒక మంచి సలహా. మిషన్ మొత్తం నలుపు చేయకండి. చెట్టు కొట్టేటప్పుడు ఎండుటాకుల మధ్య కింద పెట్టిన మిషన్ కంటికి దొరకాలి. కంపెనీలు మెరిసే రంగులు పెట్టడం వెనక అందంతో పాటు ఈ ఉపయోగం కూడా ఉంది. టాప్ కవర్ నలుపు చేసి స్టార్టర్ కవర్‌ను పాత రంగులో ఉంచడం మాకు నచ్చిన కలయిక.

వంటింటి ప్లాస్టిక్ డబ్బాలకు పసుపు పట్టడం చూసి, తెల్ల హ్యాండిల్‌కు పసుపుతో రంగు వేయొచ్చా అని అడిగేవాళ్లున్నారు. పడుతుంది. కానీ పసుపులోని కర్కుమిన్ వెలుతురుకు నిలవదు, నాలుగు రోజులు ఎండలో పెడితే పోతుంది. ఆరుబయట వాడే పనిముట్టుకు అది కుదరదు.

కావలసిన సరుకులు

కింది కొలతలు 5 లీటర్ల అద్దకానికి. ఒక మధ్యరకం మిషన్ టాప్ కవర్, ఫిల్టర్ కవర్, హ్యాండ్ గార్డ్, చిన్న ముక్కలకు ఇది సరిపోతుంది.

యాసిడ్ డై పొడి: నలుపుకు 15 గ్రాములు, ఎరుపు, నీలం, ఆకుపచ్చకు 6 నుంచి 8 గ్రాములు. పట్టు, ఉన్ని, నైలాన్‌కు అని అడగాలి. బట్టల దుకాణాల్లో దొరికే చిన్న పొట్లాల రంగులు ఎక్కువగా నూలుకు ఉద్దేశించినవి, నైలాన్‌ను మరకలా అంటి కడిగితే పోతాయి. చేనేతకు రంగులు అమ్మేవాళ్ల దగ్గర మెటల్ కాంప్లెక్స్ రకం (రంగు అణువులో లోహం కలిసి ఉండేది) అడిగితే ఇంకా మంచిది. యాసిడ్ బ్లాక్ 172 ఆ రకానిదే. ఎండకు బాగా నిలుస్తుంది, హైదరాబాద్‌లో అదే ముఖ్యం. అయితే అందులో క్రోమియం ఉంటుంది, కాబట్టి చేతులకు అంటకుండా, పారబోసేటప్పుడు బాధ్యతగా ఉండాలి.

పులుపు: దుకాణంలో దొరికే మామూలు తెల్ల వెనిగర్ 120 మిల్లీలీటర్లు, లేదా నిమ్మ ఉప్పు 5 గ్రాములు. రెండూ కలపనక్కర్లేదు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్, బ్యాటరీ యాసిడ్ ఈ పనికి పనికిరావు. నైలాన్ గొలుసులు ఘాటైన యాసిడ్‌లో, అందులోనూ వేడిలో తెగుతాయి. రంగు పట్టినట్టే ఉంటుంది, ముక్క పెళుసైపోతుంది.

గిన్నెలు కడిగే లిక్విడ్: అర చెంచా. నీరు ముక్కను సమంగా తడపడానికి.

పాత్ర: కనీసం 10 లీటర్లు పట్టే స్టీలు గంజు. బేగంబజార్‌లో తూకం మీద అమ్ముతారు. అల్యూమినియం వద్దు, పులుపుకు కరిగి రంగును పాడుచేస్తుంది. ఒకసారి అద్దకానికి వాడిన గంజు మళ్లీ వంటకు పనికిరాదు, మీద మార్కర్‌తో రాసిపెట్టండి.

ఇంకా: 100 డిగ్రీల దాకా చూపే డిజిటల్ థర్మామీటర్, పీహెచ్ పేపరు (పులుపును కొలిచేది, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), రబ్బరు గ్లోవ్స్, ఎన్95 మాస్కు, స్టీలు తీగ, పాత స్టీలు ఇడ్లీ రేకు ఒకటి, తెల్ల కేబుల్ టైలు పది.

కేబుల్ టైలు దేనికో చెబుతాం. తెల్లటి కేబుల్ టై నైలాన్ 66తో చేసిందే. అద్దకం నీళ్లు సరిగా ఉన్నాయో లేదో చెప్పే అతి చవకైన పరీక్ష పరికరం అది. నైలాన్ 66 కంటే నైలాన్ 6 రంగును త్వరగా, గాఢంగా తాగుతుంది. కాబట్టి టై నల్లబడితే నైలాన్ 6 కవర్ కూడా నల్లబడుతుంది.

నీళ్ల సంగతి

హైదరాబాద్‌లో సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. నగరంలో చాలా చోట్ల బోరు నీళ్లు చాలా కఠినం, బకెట్ల అడుగున తెల్లటి గార పేరుకోవడం చూస్తూనే ఉంటాం. ఆ నీళ్లలోని సున్నం రెండు రకాలుగా చెడగొడుతుంది. మీరు పోసిన పులుపును తినేస్తుంది, రంగు అణువులను పట్టుకుని ముద్దలు చేసి ముక్క మీద చుక్కలుగా దింపుతుంది. నల్లా నీళ్లు, అంటే మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వచ్చేవి, మెరుగు. ఆర్‌ఓ నీళ్లు ఇంకా మంచివి. కానీ ఆర్‌ఓ మిషన్ పక్క గొట్టం నుంచి పోయే నీళ్లు వాడొద్దు, అందులో సున్నం ఇంకా ఎక్కువగా ఉంటుంది. వానాకాలమైతే శుభ్రమైన డాబా మీద పట్టిన వాననీళ్లను మించింది లేదు.

విప్పడం

ముందు స్పార్క్ ప్లగ్ టోపీ తీసేయండి. తర్వాత చైను, బారు (చైను తిరిగే పొడవాటి రేకు). బారు నట్లు చాలా మిషన్లలో 13 మిల్లీమీటర్లవి, కవర్ల స్క్రూలకు స్టిల్, హస్క్‌వర్నాలో ఎక్కువగా టీ27 టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారపు మొన) కావాలి, కొన్నింటికి 4 మిల్లీమీటర్ల అలెన్ కీ. విప్పే ముందు ప్రతి వైపు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. స్క్రూలు పొడుగూ పొట్టీ కలిసి ఉంటాయి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే లోపలి భాగాన్ని గుచ్చుతుంది.

స్టార్టర్ కవర్ లోపల గడియారం స్ప్రింగులా చుట్టిన రీకాయిల్ స్ప్రింగు ఉంటుంది. తాడు హ్యాండిల్‌ను కొంచెం బయటికి లాగి, పుల్లీ గాడిలోంచి తాడును తప్పించి, పుల్లీని బొటనవేలితో ఆపుతూ మెల్లగా వెనక్కి తిరగనివ్వండి. బలం మొత్తం పోయాకే నడిమి స్క్రూ విప్పాలి. ఈ పని రక్షణ కళ్లద్దాలు లేకుండా చేయకూడదు. బయటికి ఎగిరిన స్ప్రింగు అంచు బ్లేడంత పదును.

ఇత్తడి ఇన్సర్టులు అతికి ఉంటే వాటిని అలాగే ఉంచవచ్చు, ఏమీ కాదు. రబ్బరు బుష్‌లు, ఫెల్ట్, ఫోమ్, ఇనుప స్ప్రింగులు, స్టిక్కర్లు అన్నీ తీసేయాలి. హెచ్చరిక స్టిక్కర్లు హెయిర్ డ్రయర్ వేడితో మెల్లగా ఊడదీసి బటర్ పేపరు మీద అంటించి పెట్టుకోండి, మళ్లీ అంటించాలి.

శుభ్రం చేయడం

మొత్తం పనిలో కష్టమైనదీ, తేడా తెచ్చేదీ ఇదే. అద్దకం వేయడం గంటన్నర పని, కడగడం రెండు గంటల పని. బారు ఆయిల్, టూ-స్ట్రోక్ ఆయిల్, వేప బంక, రంపపు పొట్టు కలిసి కవర్ మూలల్లో నల్లటి పేస్టు కడతాయి. దాని కిందకు రంగు నీళ్లు చేరవు.

మొదట పొడి బ్రష్‌తో పొట్టు రాల్చండి. తర్వాత కిరోసిన్ లేదా డీజిల్ ముంచిన టూత్ బ్రష్‌తో జిగట కరిగించండి. నైలాన్‌కు వీటితో నష్టం లేదు. ఈ పని మంటకు దూరంగా, ఆరుబయట. తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ పోసి రెండుసార్లు రుద్దండి. మూడోసారి 3 లీటర్ల వేడినీళ్లలో రెండు చెంచాల వాషింగ్ సోడా వేసి అరగంట నానబెట్టి కడగండి. సోడా మిగిలితే అద్దకంలో పులుపును విరుస్తుంది, కాబట్టి చివర్లో మంచినీళ్లతో నాలుగుసార్లు జాడించాలి.

ఎండకు తెల్లబారిన చోట ఇంకొక పని ఉంది. అక్కడ నైలాన్ పై పొర చచ్చిపోయి గాజు నార బయటపడి ఉంటుంది. గాజుకు రంగు పట్టదు. అలాగే అద్దితే నల్ల కవర్ మీద బూజు పట్టినట్టు తెల్లటి ఛాయ కనిపిస్తుంది. 600 నంబరు వాటర్ పేపరుతో, నీళ్లు పోస్తూ, ఒకే దిశలో రుద్ది ఆ పొరను తీసేయండి. తడిపే రుద్దాలి, పొడిగా రుద్దితే గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చర్మం దురద పెడుతుంది. తర్వాత గీతలు కనబడకుండా ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో గుండ్రంగా తిప్పుతూ సమం చేయండి.

శుభ్రమైందో లేదో తెలుసుకునే మార్గం ఉంది. కుళాయి కింద పట్టి తీయండి. నీళ్లు పలచటి పొరలా నిలిచి జారితే సరే. చుక్కలుగా విడిపోతే, తామరాకు మీద నీటిబొట్లలా నిలిస్తే, అక్కడ ఇంకా నూనె ఉంది. చుక్కలు నిలిచిన ప్రతి చోటూ రేపు మచ్చ అవుతుంది. మళ్లీ కడగండి. ఇక్కడ నుంచి గ్లోవ్స్ లేకుండా ముక్కను ముట్టుకోవద్దు, వేలిముద్రలు కూడా తేలతాయి.

అద్దకం నీళ్లు కలపడం

బాల్కనీలో లేదా డాబా మీద ఇండక్షన్ స్టవ్ పెట్టుకుంటే మేలు, మంట ఉండదు, వేడి అదుపులో ఉంటుంది. వంటింట్లో వద్దు. బల్ల మీద తడి న్యూస్ పేపరు పరవండి. ఎగిరిన పొడి దానికి అంటుకుంటుంది. అలా ఎగిరిన సన్నటి పొడి కంటికి కనిపించదు, తర్వాత తడి చేయి ఎక్కడ పెడితే అక్కడ మరక లేస్తుంది. ఫ్యాన్ ఆపేయండి.

పొడిని చిన్న స్టీలు గ్లాసులో రెండు చెంచాల చల్లటి నీళ్లతో కాటుకలా నూరండి. తర్వాత పావు లీటరు మరిగే నీళ్లు పోసి కలిపి, పాత నూలు బట్టతో వడకట్టండి. వడకట్టకపోతే కరగని పలుకు ఒకటి కవర్ మీద వాలి, అక్కడ తోకచుక్కలా గీత పడుతుంది. దాన్ని ఇక తీయలేం.

గంజులో ఇడ్లీ రేకు బోర్లించి, 5 లీటర్ల నీళ్లు, గిన్నెల లిక్విడ్, వడకట్టిన రంగు పోసి కలపండి. రేకు ఎందుకంటే ముక్క అడుగుకు తగలకూడదు. అడుగున వేడి ఎక్కువ, తగిలిన చోట ముక్క మెరుపు మారుతుంది, పలుచటి అంచులు వంగుతాయి. పులుపులో సగమే ఇప్పుడు పోయాలి.

వేడి, కాలం

నీళ్లు 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు తడి ముక్కలను స్టీలు తీగకు వేలాడదీసి దించండి. ఐదు కేబుల్ టైలు కూడా వేయండి. ఒక్కసారిగా వేడినీళ్లలో వేస్తే మొదట తగిలిన వైపు రంగును ఆబగా లాగేసుకుంటుంది, మచ్చలు పడతాయి. నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 85 వరకు పెంచండి. దీనికి అరగంట అటూ ఇటూ పడుతుంది, తొందరపడొద్దు. నైలాన్ గొలుసులు వేడికి వదులైతేనే రంగు లోపలికి దారి చేసుకుంటుంది.

85 దగ్గర 15 నిమిషాలు ఉంచి, ముక్కలను పైకెత్తి, మిగతా పులుపును పీహెచ్ చూస్తూ అవసరమైనంతే పోసి, కలిపి, మళ్లీ దించండి. పీహెచ్‌ను పేపరుతో చూడండి. రంగు నీళ్లలో పేపరు అసలు రంగు తెలియదు కాబట్టి ఒక చుక్కను పేపరు ఒక అంచున వేసి, తడి పాకే కొసను చూడాలి. 4 నుంచి 5 మధ్య ఉండాలి. 6 దాటితే చెంచా చొప్పున వెనిగర్ కలపండి. 3.5 కంటే కిందికి దింపకండి.

తర్వాత 88 నుంచి 92 డిగ్రీల మధ్య 40 నిమిషాలు. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. అంటే థర్మామీటర్ 92 చూపిస్తున్నప్పుడు మరుగుకు మీరు అనుకునే దానికంటే దగ్గరగా ఉన్నారు. తెర్లనివ్వొద్దు. బుడగలు ముక్కకు అంటుకుని చిన్న చిన్న గుండ్రటి లేత మచ్చలు వదులుతాయి. గాజు నార ఉన్న కవర్లు ఈ వేడికి ఆకారం మార్చుకోవు. ట్రిగ్గర్, నాబ్ లాంటి గాజు లేని చిన్న ముక్కలు మెత్తబడవచ్చు, వాటి మీద ఏ బరువూ పడకూడదు.

ప్రతి 5 నిమిషాలకు ముక్కలను కదిలించి, కోణం మార్చండి. ప్రతి 10 నిమిషాలకు ఒక టై తీసి, కడిగి, అడ్డంగా కోసి చూడండి. కోసిన చోట అంచు చుట్టూ నల్లటి గీత, మధ్యలో తెలుపు కనిపిస్తుంది. ఆ గీత మందమే రంగు లోపలికి దిగిన లోతు. మొదటి టైలో గీత కనబడీ కనబడనట్టు ఉంటుంది, నలభై నిమిషాల తర్వాత తీసిన టైలో స్పష్టంగా ఉంటుంది. పైకి రెండూ ఒకేలా నల్లగా ఉన్నా, నిలిచేది రెండోది. పైకి నల్లబడగానే తీసేయడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు.

రంగు చాలలేదని పొడి ఇంకా ఇంకా పోయడం కూడా పొరపాటే. నైలాన్‌లో రంగు పట్టుకునే చోట్లు లెక్కపెట్టినన్నే ఉంటాయి. అవి నిండాక మిగిలింది పైన పేరుకుని రాగి రంగు మెరుపు తెస్తుంది, బట్టకు అంటుతుంది.

తీయడం, ఆరబెట్టడం

స్టవ్ ఆపి, ముక్కలు నీళ్లలోనే 60 డిగ్రీలకు చల్లారనివ్వండి. కాగే ముక్కను చన్నీళ్లలో ముంచితే పలుచటి కవర్ ఒక వైపు ముందు కుంచించుకుని మెలిక పడుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లు, ఆపైన మామూలు నీళ్లు, రంగు రావడం ఆగేదాకా. ఒక చుక్క లిక్విడ్ సబ్బుతో మెత్తగా తోమి, మళ్లీ జాడించండి.

నీడలో, గాలి తగిలేచోట రెండు రోజులు. నైలాన్ అద్దకంలో నీళ్లు బాగా తాగుతుంది, కొద్దిగా ఉబ్బుతుంది కూడా. అప్పుడే బిగించబోతే స్క్రూ రంధ్రాలు వెంట్రుకవాసిలో కలవవు. బలవంతపెట్టకండి, ఆరాక కలుస్తాయి. మే నెల ఎండలో డాబా మీద పరిచి తొందరగా ఆరబెట్టాలనుకోవద్దు. ఒక వైపే ఎండి వంగుతుంది.

ఆరాక తెల్ల బట్ట పెట్రోల్‌తో తడిపి లోపలి వైపు గట్టిగా రుద్దండి. బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇప్పుడు ఇథనాల్ కలిసి ఉంటుంది, కొన్ని రంగులను ఇథనాల్ లాగుతుంది. అందుకే పాత సలహాలు చూసి ఊరుకోకుండా మీ బంకు పెట్రోల్‌తోనే పరీక్షించాలి. బట్టకు లేత ఛాయ అంటితే ఇంకోసారి సబ్బుతో కడిగితే చాలు. నల్లగా అంటితే రంగు లోపలికి దిగలేదు, పులుపు సరిచూసి మళ్లీ 90 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలి.

ఏం తప్పు జరిగింది, ఎందుకు

మబ్బుల్లా మచ్చలు పడితే నూనె. దిద్దుబాటు ఉంది, సోడాతో మళ్లీ కడిగి అదే అద్దకంలో మళ్లీ వేయండి.

స్టిక్కర్ ఆకారం నీడలా కనిపిస్తే, స్టిక్కర్ కింద ఎండ తగలని నైలాన్ రంగును వేరేగా తాగింది. నలుపులో ఇంకో 20 నిమిషాలు ఉంచితే చాలావరకు కలిసిపోతుంది, ఎరుపు, నీలంలో కలవదు. స్టిక్కర్ మళ్లీ అక్కడే అంటించడం మంచిది.

సన్నటి అలల్లా గీతలు కనిపిస్తే అది మీ తప్పు కాదు. అచ్చులో కరిగిన నైలాన్ రెండు వైపుల నుంచి వచ్చి కలిసిన చోట గాజు నార వరుస మారుతుంది. ఆ గీత ముందు నుంచీ ఉంది, రంగు బయటపెట్టింది.

నలుపు ఎర్రగా లేదా ఆకుపచ్చగా తిరిగితే కాలం చాలలేదు, లేదా పీహెచ్ ఎక్కువైంది. నలుపు పొడులు చాలావాటిలో రెండు మూడు రంగులు కలిసి ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో వేగంతో లోపలికి పోతుంది. చివరిది చేరేదాకా ఆగాలి.

రంగు అసలు పట్టకపోతే అది నైలాన్ కాదు, చాలావరకు పీపీ. కేబుల్ టై నల్లబడి కవర్ అలాగే ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

వేసిన రంగు నచ్చక తీసేయాలనుకునేవాళ్లకు కొందరు హైడ్రోస్ పొడి చెబుతారు. వేడినీళ్లలో అది ఘాటైన గంధకపు వాయువు వదులుతుంది, ఇంటి బాల్కనీలో చేసే పని కాదు. నచ్చని రంగు మీద నలుపు వేసేయండి.

మిగిలిన నీళ్లు

ఈ నీళ్లను ఇంకుడు గుంతలో పోయొద్దు, మొక్కలకు పోయొద్దు. గుంతలో పోసింది మీ బోరులోకే వస్తుంది. వేడి తగ్గకముందే పాత ఉన్ని స్వెటర్ ముక్క, నైలాన్ చున్నీ లాంటివి అందులో వేసి గంట ఉంచండి. మిగిలిన రంగులో ఎక్కువ భాగాన్ని అవి తాగేస్తాయి. లేతబడిన నీళ్లలో వంటసోడా నురగ ఆగేదాకా చెంచా చెంచా వేసి పులుపు విరిచి, బాత్‌రూమ్ డ్రైనేజీలో బాగా నీళ్లతో వదలండి. వానకాలువలో, నాలాలో కాదు. అవి నేరుగా చెరువులకూ మూసీకీ పోతాయి.

తిరిగి బిగించడం

నైలాన్‌లోకి దిగే స్క్రూను నేరుగా తిప్పకండి. రంధ్రంలో పెట్టి ముందు వెనక్కి తిప్పండి. పాత మరలో పడగానే చిన్నగా టక్కుమన్నట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పండి. లేకపోతే కొత్త మర కోసుకుని రంధ్రం వదులైపోతుంది.

రీకాయిల్ స్ప్రింగు పెట్టేటప్పుడు సన్నటి గ్రీజు పూత ఇవ్వండి. తాడును పుల్లీ గాడిలో పెట్టి రెండు మూడు చుట్లు బిగువు ఇచ్చి వదిలితే హ్యాండిల్ చివరిదాకా వెనక్కి వచ్చి నిలవాలి. వచ్చినా, తాడు పూర్తిగా లాగినప్పుడు పుల్లీ ఇంకో అర చుట్టు తిరగగలగాలి. తిరగకపోతే బిగువు ఎక్కువైంది, స్ప్రింగు తెగుతుంది.

ట్రిగ్గర్, ట్రిగ్గర్ లాక్‌లను ఇంజిన్ ఆఫ్‌లో ఇరవైసార్లు నొక్కి చూడండి. లాక్ నొక్కకుండా ట్రిగ్గర్ కదలకూడదు, వదలగానే తడబాటు లేకుండా వెనక్కి రావాలి. కొంచెం మొరాయించినా ఆ ముక్క వంగింది, దాని బదులు కొత్తది పెట్టండి, రంగు కోసం దాన్ని వాడొద్దు. హ్యాండ్ గార్డ్ ముందుకు తోస్తే క్లిక్ అనాలి, చైను చేత్తో లాగినా కదలకూడదు, ఇది గ్లోవ్స్ వేసుకుని చూడాలి. తర్వాత బయట, నేల మీద మిషన్‌ను ఆనించి, స్టార్ట్ చేసి, ట్రిగ్గర్ పట్టిన మరుక్షణం బ్రేకు వేసి చైను ఆగుతుందో లేదో చూసుకోండి. ఆపే స్విచ్ కూడా.

మెరుపు కోసం సిలికాన్ స్ప్రేగానీ కారు డ్యాష్‌బోర్డు పాలిష్‌గానీ పూసే అలవాటు కొందరికి ఉంది. టాప్ కవర్‌కు పూయండి, పర్వాలేదు. హ్యాండిల్‌కు, గార్డ్‌కు మాత్రం పూయకండి. చెమట చేతికి అది సబ్బులా జారుతుంది.